ఎఫ్-7 బటన్ చెప్పిన అబద్ధం

కోపంతో రాస్తున్నాను కాబట్టి నెమ్మదిగా రాస్తాను. పోయిన నెల నా ఫోన్‌కు ఒక కాగితం ఫొటో వచ్చింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు సౌదీలో, ఖసీం ప్రాంతంలో, ఉనైజా ఊళ్లో, ఒక రంజాన్ నెలలో నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఘనకార్యమంటే పెద్దదేం కాదు. ఒక బటన్ నొక్కాను.

ల్యాబ్ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇది చదివితే మంచిదే. చదవకపోయినా వాళ్లు నాకంటే వేగంగా బటన్లు నొక్కగలరు, అదే నా భయం.

ఉనైజాలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అన్నేళ్లలో మనుషుల ముఖాల కంటే వాళ్ల ట్యూబులే ఎక్కువ చూశాను. ట్యూబులు తిరిగి ప్రశ్నలు వేయవు. ఆ ఉద్యోగంలో నాకు బాగా నచ్చింది అదే.

మా పని గురించి ఒక్కటే తెలిస్తే చాలు. రక్తాన్ని మిషన్‌లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కు పోయి, పైన లేత పసుపు నీరు తేలుతుంది. దాన్ని సీరం అంటారు. మిషన్ ఆ నీటిలోంచి వెలుతురు పంపి లెక్కలు చెబుతుంది. బిర్యానీ తిని నేరుగా వచ్చినవాడి సీరం పాలలా తెల్లగా ఉంటుంది, వెలుతురు దాటదు, లెక్కలు తప్పుతాయి. అందుకని తెల్లటి సీరం వస్తే పక్కన పెట్టి, పేషెంటు తిని వచ్చాడు, ఖాళీ కడుపుతో మళ్లీ రావాలి అని రాసేవాళ్లం.

రోజుకు ఎన్నిసార్లు టైపు చేస్తాం? నాకు బద్ధకం ఎక్కువ, దానికి తోడు కాస్త తెలివి. ఆ వాక్యాన్ని కంప్యూటర్‌లో ఎఫ్-7కి కట్టేశాను. ఒక్క నొక్కుడుకు "పేషెంటు ఉపవాసంలో లేరు, మళ్లీ శాంపిల్ పంపండి" అని ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ పడుతుంది. తప్పు చేసినా రెండు భాషల్లో చేయడం మా ఆసుపత్రి గొప్పతనం. ఈ ఆవిష్కరణకు నాకు ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. అందులో నా పేరు తప్పు పడింది.

నా రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, రంజాన్‌కు రెండు వారాల ముందు, ఒక ఇంట్లో పనిచేసే మనిషి శాంపిల్ వచ్చింది. కడుపు నొప్పి, వాంతులు. సీరం తెల్లగా ఉంది. ఎఫ్-7. వారం తర్వాత మళ్లీ వచ్చింది. మళ్లీ తెలుపు. మళ్లీ ఎఫ్-7. మా సూపర్‌వైజర్‌ది గుంటూరు వైపు. ఆ ట్యూబును పైకెత్తి చూసి నవ్వాడు.

"ఏవండీ, ఈవిడ నెయ్యి తాగి వస్తందా ఏంటి? వడపోస్తే అరకిలో మీగడ వచ్చేట్టుంది."

నేను కూడా నవ్వాను. నిజానికి ఆయన కంటే ఎక్కువ నవ్వాను, ఎందుకంటే అంతకంటే మంచి జోకు నేనొకటి వేశాను. అదేమిటో ఇక్కడ రాయను.

రంజాన్ మొదలైంది. ఎమర్జెన్సీలో ఒక సూడాన్ డాక్టరమ్మ ఉండేది. తక్కువ మాట్లాడుతుంది, రాసింది చదవగలిగేలా రాస్తుంది, డాక్టర్లలో ఈ రెండూ అరుదు. ఆవిడ ఆ పనిమనిషితో చెప్పిందట: ఇప్పుడు ఎలాగూ ఉపవాసమే కదా, సాయంత్రం అసర్ నమాజు తర్వాత వచ్చి రక్తం ఇవ్వు, ఇక తిన్నావా అనే పేచీయే ఉండదు. చాలా తెలివైన ఆలోచన. అవతలి పక్కన నేనున్నానని ఆవిడకు తెలియదు.

మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు మూడో ట్యూబు వచ్చింది. ఇది మజ్జిగలా లేదు, చిక్కటి పెరుగులా ఉంది. దాని మీద టైము రాసి ఉంది. నెల రంజాన్. పేషెంటు పేరు ముస్లిం పేరు. ఈ మూడూ నా కళ్ల ముందు ఉన్నాయి. వీటిని కలిపి చూడడానికి సెకను పడుతుంది. ఎఫ్-7కి అర సెకను.

అంతటితో ఆగినా బాగుండేది. డాక్టరమ్మ క్లోమం టెస్టు కూడా అడిగింది. క్లోమం వాచినప్పుడు అమైలేజ్ అనే ఎంజైమ్ రక్తంలో బాగా పెరుగుతుంది. ఎమర్జెన్సీ టెస్టు ఆపకూడదు కాబట్టి అదే సీరం మిషన్‌లో పెట్టాను. మిషన్ నార్మల్ అంది. నేను నార్మల్ అని పంపేశాను. సీరంలో కొవ్వు మరీ ఎక్కువైతే అమైలేజ్ దొంగలా తక్కువగా కనబడుతుందని, సెలైన్ కలిపి పలుచన చేసి మళ్లీ చూడాలని నాకు కాలేజీలో నేర్పారు. పరీక్షలో వస్తే రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. జ్ఞానం ఎక్కడికీ పోలేదు, భద్రంగా నాలోనే ఉంది. ఆ రోజు దాన్ని లేపలేదు, అంతే.

ఎమర్జెన్సీలో నొప్పికి ఇంజెక్షన్ వేసి ఆమెను పంపేశారు. రిపోర్టు డ్రైవర్ చేతికిచ్చారు. డ్రైవర్ మేడమ్ చేతికిచ్చాడు. మేడమ్ ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, భార్య; బాగా చదువుకున్న మనిషి. కాగితంలో ఏముందో అది చదివింది. ఉపవాసంలో లేదు. క్లోమం నార్మల్. అంటే ఈ మనిషి రోజా ఉన్నానని చెప్పి దొంగచాటుగా తింటోంది, పని ఎగ్గొట్టడానికి నొప్పి నటిస్తోంది. మేడమ్ మీద నాకు కోపం తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు. ఆవిడ చేసిన తప్పల్లా మా ల్యాబ్‌ను నమ్మడం. ఇప్పుడు ఎగ్జిట్ కొట్టించడం, అంటే పనిలోంచి తీసి సొంత దేశానికి పంపేయడం, ఫోన్‌లో పని. అదీ ఒక బటనే.

గురువారం పన్నెండు గంటలప్పుడు మా రిసెప్షన్ కిటికీ దగ్గర తెలుగు వినబడింది. మా కడప జిల్లా తెలుగు.

"ఎవురు రాసినారు ఇది?"

తల ఎత్తి చూశాను. నల్ల అబాయాలో ముప్పై ఐదేళ్ల మనిషి, కాగితం పట్టుకుని ఒక పక్కకు వంగి నిలబడి ఉంది. నొప్పి ఉన్నవాళ్లు అలా వంగుతారు. వెనక హైదరాబాద్ డ్రైవర్, చేతిలో కారు తాళాలు తిప్పుతూ, "జల్దీ అమ్మా, జల్దీ, ఐదు మినిట్లే అన్నవ్" అంటున్నాడు. రాయచోటి దగ్గర మనిషి, ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం. విమానాశ్రయానికి పోతూ, సామాను కారులో పెట్టుకుని, ఐదు నిమిషాలు ఆపమని డ్రైవర్‌ను బతిమాలి వచ్చింది. డాక్టర్ కోసం కాదు. ఆ మాట రాసినవాడిని చూడడానికి.

"ఏమిటమ్మా?" అన్నాను.

"ఇది నువ్వు రాసినావా అన్నా?"

నేను అప్పటికి ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నవాడిని. వెంటనే అబద్ధం ఆడాను.

"మిషన్ రాసిందమ్మా."

"మిషన్‌కి ఎవురు చెప్పినారు?"

కంప్యూటర్ తెరను ఆమెకు కనబడకుండా కొంచెం పక్కకు తిప్పాను.

"నేను తిన్నది నువ్వు చూసినావా?" అంది. గొంతు పెంచలేదు. "తెల్లారక ముందర సహర్‌లో ఒక రొట్టె, ఇన్ని నీళ్లు. మళ్ల మెతుకు ముట్టలేదు. పదేండ్ల పిల్లప్పటి నుంచి రోజా ఇడిసిపెట్టలేదు నేను. మా మేడమ్ మొగం ముందర కాగితం పెట్టి సదువుతా ఉంటే నేను ఏమని చెప్పాల? పనిలో నుంచి తీసేస్తే తీసేసినారు. నేను దేవునితో దొంగాట ఆడినానని మా ఊర్లో చెప్పుకుంటారు. అది తుడిపెయ్యి."

చెయ్యి చాచి కాగితం నా ముందు పెట్టింది. అబాయా చెయ్యి మోచేతి దాకా జరిగింది. అప్పుడు చూశాను. ఆ చేతి మీద కొవ్వు అనేది లేదు. చర్మం కింద నరాలు తాళ్లలా పైకి తేలి ఉన్నాయి, కండ కుస్తీ పట్టేవాడి కండలా ఉంది. ముఖం మాత్రం గుండ్రంగా ఉంది. తిండిలేక చిక్కిన చెయ్యి కాదది. నేను చూస్తున్నానని ఆమె గమనించి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మా అమ్మకూ ఇట్లే ఉండె. మగరాయుడి చేతులు అంటాండ్రి. ఆయమ్మ గూడా కడుపునొప్పితోనే పాయె."

"మీ అక్కచెల్లెళ్లు?"

"అక్క ఉంది. సుగర్." ఆమె డ్రైవర్ వైపు చూసింది. "నువ్వు తుడిపేస్తావా లేదా?"

"సిస్టమ్‌లో అలా కుదరదమ్మా."

ఇరవై ఆరేళ్లుగా ఎన్నో పిచ్చిమాటలు మాట్లాడాను గానీ, వాటన్నిటిలో మొదటి బహుమతి దీనికి ఇస్తాను. ఆమె కాగితం మడిచి, వంగి నడుచుకుంటూ వెళ్లిపోయింది.

శాంపిళ్లను వారం రోజులు ఫ్రిజ్‌లో దాస్తాం. మంగళవారం ట్యూబు తీశాను. రెండు రోజులు కదలకుండా ఉంటే తెల్లటి సీరం మీద ఒక పొర కట్టింది, గరిటెతో తీయొచ్చు అన్నట్టు. కింది భాగం కూడా తేటపడలేదు. బిర్యానీ తిని నేరుగా వచ్చినవాడి సీరంలో పైన పొర కట్టినా కింద తేటపడుతుంది. ఇది తిండి తెచ్చిన తెలుపు కాదు, ఒంట్లోనే తయారైన తెలుపు. సెలైన్ కలిపి పలుచన చేసి అమైలేజ్ పెట్టాను. పెరిగింది. ఇంకా పలుచన చేశాను. ఇంకా పెరిగింది. పదింతలు పలుచన చేసి, వచ్చిన దాన్ని పదితో హెచ్చవేసి చూస్తే, ఆ క్లోమం రెండు రోజులుగా కాలిపోతోంది. ఆ మనిషిని మేము విమానం ఎక్కిస్తున్నాం. ఐదారు గంటలు గాల్లో. దిగేదాకా బతికితే, దేవుణ్ణి మోసం చేసిన మనిషిగా దిగుతుంది.

రిజిస్ట్రేషన్ ఫారంలో డ్రైవర్ నంబరు ఉంది. ఫోన్ చేశాను.

"ఆమెను వెనక్కి తీసుకురా. క్లోమం వాచింది. ప్రాణం మీదికి వస్తుంది."

"అన్నా, గిప్పుడే గదా నువ్వు ఏం కుదరదన్నవ్?"

"అప్పుడు తప్పు చెప్పాను."

"మేడమ్ ఏమో ఏర్‌పోర్టుకు తీస్కపో అన్నది. నువ్వేమో దవాఖానకి అంటున్నవ్. నాకున్నది ఒకటే స్టీరింగ్ భాయ్." వెనక ఆమె వాంతి చేసుకుంటున్న చప్పుడు వినబడింది. "ఉండు. పెద్ద మేడమ్‌కు కొడ్త ఫోను."

పెద్ద మేడమ్ అంటే కఫీల్ తల్లి. ఆవిడ ఏమందో డ్రైవర్ తర్వాత చెప్పాడు: కాగితం సంగతి నాకు తెలియదు, నా ఇంటి మనిషి దారిలో చావకూడదు, ముందు ముస్తష్ఫా. ముస్తష్ఫా అంటే ఆసుపత్రి. ఈ మొత్తం కథలో కాగితం చదవకుండా మనిషిని చూసినది ఆవిడ ఒక్కతే. ఆవిడకు చదువు రాదట.

డాక్టరమ్మకు ఫోన్ చేసి కొత్త అమైలేజ్ లెక్క చెప్పాను.

"మంగళవారం నార్మల్ అన్నది మీ ల్యాబే కదా?"

"అవును."

"ఎవరు?"

"నేనే."

"సరే. తర్వాత మాట్లాడదాం," అని పెట్టేసింది. ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

డ్రైవర్ ఆమెను మా ఆసుపత్రికే తెచ్చాడు. నాలుగు రోజులు నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ మీద ఉంచారు. ఐదో రోజు వార్డుకు వెళ్లాను. కాస్త తేరుకుంది. నన్ను చూడగానే, "కడుపు సంగతి డాక్టరమ్మ చూసుకుంటాది. నా కాగితం ఏమాయె?" అంది.

ల్యాబ్‌కు వచ్చి సూపర్‌వైజర్‌తో చెప్పాను. రిపోర్టు సవరించాలి, పేషెంటు ఉపవాసంలోనే ఉంది, మేము రాసింది తప్పు అని వేయాలి.

"అమైలేజ్ సవరించండి, కాదనను," అన్నాడు. "ఆ ఉపవాసం సంగతి రిజల్ట్ కాదు కదండీ, ఉట్టి కామెంట్. కామెంట్‌ని ఎవరు సవరిస్తారు గురువుగారూ?"

"ఆమె దానికోసమే అడుగుతోంది."

"ఈ నెల సవరణలు సున్నా ఉన్నాయి. వచ్చే వారం ఆడిట్. ఒకటి చేస్తే ఎందుకు చేశారంటారు, ఇలాంటివి అసలు ఎన్ని పంపారంటారు. పాతవన్నీ తవ్వుతారు. ఎందుకండీ మనకి ఇదంతా?"

అప్పుడు నాకు మొదటిసారి నిజమైన కోపం వచ్చింది. ఆయన చెడ్డవాడని కాదు. నా పిల్లాడికి జ్వరమొస్తే రెండు రాత్రులు మా ఇంట్లో కూర్చున్న మనిషి. ఆయన అడిగింది సరైన ప్రశ్న కాబట్టి వచ్చింది కోపం. ఎన్ని పంపాం? ఇరవై రెండేళ్లలో, నిజంగా తినకుండా వచ్చిన ఎంతమందిని తిన్నారని రాసి వెనక్కి పంపాం? వాళ్లలో ఎంతమందికి ఇలాంటి చేతులున్నాయి? కిటికీ దాకా వచ్చి అడిగింది ఈమె ఒక్కతే. మిగతావాళ్లు మళ్లీ ఉపవాసం ఉండి ఉంటారు. ఇంకా గట్టిగా.

"తవ్వనీ," అన్నాను.

నా లాగిన్‌తోనే సవరణ వేశాను. "పేషెంటు ఉపవాసంలోనే ఉన్నారు. ముందు రిపోర్టులో రాసినది ల్యాబ్ తప్పు." అరబ్బీలో ఎలా రాయాలో తెలియక రిసెప్షన్‌లోని సౌదీ అమ్మాయిని అడిగాను. ఆమె మొత్తం విని, నేను చెప్పిన దానికి ఒక మాట కలిపి టైపు చేసింది. ఏం కలిపావంటే, "క్షమాపణ" అంది. నేను మర్చిపోయాను ఆ మాట.

ఆ సాయంత్రమే మేనేజర్ నుంచి నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. అనుమతి లేకుండా సవరణ చేసినందుకు. ఈసారి పేరు సరిగ్గా రాశారు.

లేఖ మడిచి జేబులో పెట్టుకుని, స్క్రూడ్రైవర్ తీసుకుని, కీబోర్డు నుంచి ఎఫ్-7 బటన్ పీకేశాను. కంప్యూటర్‌లో ఆ వాక్యాన్ని తీసేస్తే సరిపోయేది, తీసేశాను కూడా. కానీ చేతికి కూడా ఏదో పని కావాల్సి వచ్చింది. మర్నాడు ఐటీ వాళ్లు కొత్త కీబోర్డు పెట్టారు, వాక్యాన్ని కూడా బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చారు. చాలా శ్రద్ధగల మనుషులు.

సవరించిన కాగితం మేడమ్ చేరింది. మేడమ్ వార్డుకు వచ్చి మంచం పక్కన కొంచెంసేపు కూర్చుని, ఒక పెట్టె సుక్కరీ ఖర్జూరాలు పెట్టి వెళ్లింది. ఉనైజాలో క్షమాపణ అడగడానికి అంతకంటే మర్యాదైన పద్ధతి లేదు. ఆమె ఒంట్లో తీపి కూడా కొవ్వుగా మారుతుంది, కాబట్టి తినకూడని వాటిలో అది మొదటిది. పెట్టె డ్రైవర్ తిన్నాడు. ఎగ్జిట్ రద్దు చేయిస్తామన్నారు. ఆమె వద్దంది. పండగయ్యాక కాగితం పట్టుకుని, తల ఎత్తుకుని ఊరికి పోతానంది. పోయింది.

డాక్టరమ్మ ఆ చేతుల్ని ఊరికే వదల్లేదు. రక్తం రియాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి పంపింది. రెండు నెలల తర్వాత జవాబు మా ల్యాబ్‌కు వచ్చింది. దాన్ని నేను రాయచోటికి ఫోన్ చేసి ఆమెకు ఇలా చెప్పాను.

"చూడమ్మా, మనం తిన్న కొవ్వు దాచుకోవడానికి ఒంట్లో గోదాములు ఉంటాయి. చేతుల్లో, కాళ్లలో, తుంటి దగ్గర. వాటికి ఒక ముదీర్ ఉంటాడు, మేనేజర్ అన్నమాట. ప్రోటీన్ అది. జన్యువుల మీద పోయి కూర్చుని, ఇది తెరువు, అది మూయి అని చెప్పడం వాడి పని. వాడు చెబితేనే గోదాము తెరుచుకుంటుంది. మీ ఇంట్లో ఆ ముదీర్‌లో పుట్టుకతోనే ఒక చిన్న తేడా వచ్చింది. వాడు సంతకం పెట్టడు. గోదాము తెరుచుకోదు. సరుకు లారీలు రోడ్డు మీదే నిలబడిపోతాయి. ఆ రోడ్డు నీ రక్తం. అందుకే తెల్లగా ఉంది. అందుకే చేతులు అట్లున్నాయి. అందుకే క్లోమం వాచింది."

"ముదీర్ పని చేయకపోతే మనల్ని అంటారు, యాడైనా అంతేలే," అంది.

"మందులున్నాయి. ఆ ముదీర్‌ను కొంతవరకు తట్టిలేపేవి కూడా ఉన్నాయి. నూనె, తీపి బాగా తగ్గించాలి. మీ అక్కకూ పరీక్ష చేయించు. తప్పకుండా."

"అంటే నేను తిండిపోతును గాదన్నమాట."

"కాదు."

"ఆ మాట గూడా ఒక కాగితం మీద రాసీ అన్నా. మా ఆయనకి సూపించాల."

రాసి పంపాను. సంతకం కూడా పెట్టాను.

అక్క వినలేదు. నాది ఉట్టి సుగరే, దానికింత హంగామా ఎందుకు అని ఐదేళ్లు గడిపింది. ఈలోగా నేను రిటైరై కడపకు వచ్చేశాను. హెచ్చరిక లేఖ, సర్టిఫికెట్, ఎఫ్-7 బటన్, మూడూ ఒకే డబ్బాలో ఉన్నాయి. పోయిన నెల అక్కకు కడుపు నొప్పి వచ్చింది. చెల్లెలు బలవంతంగా దగ్గరి ఊళ్లో ల్యాబ్‌కు తీసుకుపోయింది. ముందు రోజు సాయంత్రం నుంచి పచ్చి నీళ్లు తప్ప ఏమీ తాగనివ్వకుండా, పక్కనే కూర్చుని కాపలా కాసి మరీ తీసుకుపోయింది.

ఆ రిపోర్టు ఫొటోనే నాకు వచ్చింది. సీరం పాలలా ఉంది కాబట్టి పరీక్షలు చేయలేదు. తిని వచ్చారు. మళ్లీ రండి. నేను ఉనైజాలో రాసిన వాక్యం కంటే రెండు పదాలు తక్కువ. ఎవరో నాకంటే తెలివైనవాడే.

కింద ఆమె గొంతు రికార్డు చేసి పంపింది. అదే నెమ్మది.

"అన్నా, ఇది గూడా నువ్వే రాసినావా?"

కాదమ్మా అని టైపు చేశాను. తుడిపేశాను. చెప్పులేసుకుని రాయచోటి బస్సు ఎక్కాను.